కారణం అడిగే హక్కు ఎవరికి?

సాహిత్యచర్చలకు అలవాటుపడిన ఈ పుటల్లో ఒక మందుబిళ్లను గురించి రాయబూనడం కొందరికి వింతగా తోచవచ్చు. నేను చర్చించదలచుకున్నది వైద్యవిషయం కాదు, నీతివిషయం. నీతిని గురించి వాదించే అధికారం రచయితలకు వైద్యులకంటే ఎక్కువ వున్నదని నేననను. తక్కువ వున్నదని కూడా ఒప్పుకోను.

ప్రశ్న ఇది: జరిగిన కలయికవల్ల తనకు గర్భం రాకుండా చూసుకోవడానికి ఒక స్త్రీ మందు అడిగినప్పుడు, ఆ మందు చేతిలో పెట్టుకున్న మనిషి "ఎందుకు?" అని అడగవచ్చునా? అడిగితే ఆమె జవాబు చెప్పవలసిన పని వున్నదా? జవాబు అతనికి నచ్చకపోతే మందు ఇవ్వకుండా వుండే హక్కు అతనికి వున్నదా?

చట్టం దృష్టిలో ఇది తేలిపోయిన ప్రశ్నే. లెవొనార్జెస్ట్రెల్ అనే ఈ మందుకు మన దేశంలో 2001లో అనుమతి వచ్చింది. మరుసటి సంవత్సరమే ప్రభుత్వ కుటుంబ సంక్షేమ కార్యక్రమంలో చేరింది. 2005 నుంచి డాక్టరు చీటీ లేకుండా మందుల అంగట్లో కొనుక్కోవచ్చు. 2011 నుంచి ఆశా కార్యకర్తలు ఇంటింటికీ అందించే గర్భనిరోధక సాధనాల్లో ఇదికూడా వున్నది. అప్పుడు దానికి పెట్టిన ధర 2 రూపాయలు. అంటే ప్రభుత్వం "ఎందుకు?" అని అడగడం మానుకుని ఇరవై ఏళ్లు దాటింది. అయితే చట్టం తేల్చిన విషయాలన్నీ సంఘంలో తేలిపోయేట్టయితే, 1961లో వరకట్న నిషేధ చట్టం వచ్చిన తర్వాత మా కర్నూలు, కడప జిల్లాల్లో కట్నమనే మాటే వినపడగూడదు.

వాదంలోకి దిగేముందు ఆ మాత్ర చేసే పని ఏమిటో చెప్పుకోవాలి. ఎందుకంటే దాన్ని వ్యతిరేకించేవాళ్లలో సగంమంది దానికి లేని గుణాన్ని అంటగట్టి వ్యతిరేకిస్తున్నారు. స్త్రీ శరీరంలో అండం విడుదల కాబోయేముందు మెదడుకు దిగువనున్న పిట్యుటరీ గ్రంథినుంచి ఒక హార్మోను ఒక్కసారిగా ఉప్పొంగుతుంది. అది ఉప్పొంగకముందు లెవొనార్జెస్ట్రెల్ 1.5 మిల్లీగ్రాములు ఒంట్లో పడితే అండం విడుదల ఆగిపోతుంది, లేదా కొన్ని రోజులు వెనక్కు జరుగుతుంది. వీర్యకణాలు స్త్రీ శరీరంలో 5 రోజులదాకా బతకగలవు. విడుదలైన అండం ఆయుష్షు ఒక రోజుకు మించదు. కాబట్టి కలయిక జరిగిపోయిన తర్వాత కూడా గర్భం రాకుండా ఆపడానికి వ్యవధి వుంటుంది. ఆ వ్యవధిలో వీర్యకణాలను, అండాన్ని ఒకదానికొకటి కలవకుండా చేయడమే ఈ మాత్ర పని. అండం అంతకుముందే విడుదలై వుంటే మాత్ర పనిచేయదు. గర్భం నిలిచిపోయి వుంటే దాన్ని తీసేయలేదు, దానికి హానీ చేయదు. అమెరికా ప్రభుత్వపు మందుల అధికారులు చాలాకాలం పెట్టెమీద దీన్ని గురించి సందిగ్ధంగా రాయించారు. 2022 డిసెంబరులో ఆ రాత మార్పించి, ఇది గర్భస్రావపు మందు కాదని స్పష్టం చేశారు.

గర్భస్రావానికి వాడే మిఫెప్రిస్టోన్, మిసోప్రోస్టాల్ అనేవి వేరే మందులు. వాటికి డాక్టరు కావాలి, 1971 చట్టపు నియమాలు వర్తిస్తాయి. మావైపు ఈ రెంటినీ కలిపి "కడుపు మాత్ర" అనేస్తారు. ఈ తేడా చెప్పబోతే, చదువుకున్న పెద్దమనిషే ఒకాయన "రెండూ ఒగటే గదప్పా" అని కొట్టిపారేశాడు. రెండూ ఒకటి కావు. భ్రూణహత్య అనే మాట ఈ మాత్రకు అతకదు.

ఇక్కడొక హెచ్చరిక చేయాలి. "ఇది గర్భస్రావం కాదు, కాబట్టి తప్పు కాదు" అని ఊరుకుంటే, గర్భస్రావం తప్పే అని ఒప్పుకున్నట్టవుతుంది. నేను ఒప్పుకోవడం లేదు. 1971కి పూర్వం జిల్లేడు పుల్లలతో ప్రాణాలు పోగొట్టుకున్న ఆడవాళ్ల కథలు మా పల్లెల్లో ముసలి అవ్వలందరికీ తెలుసు. అది వేరే చర్చ. మాత్ర చేయని పనికి మాత్రను శిక్షించవద్దు అనడం మటుకే ఇక్కడ నా ఉద్దేశం.

ఈ మందుకు ఇంకొక లక్షణం వుంది. నా వాదమంతా దానిమీదనే ఆధారపడింది. ఎంత త్వరగా వేసుకుంటే అంత ఫలితం. 72 గంటల్లోపల అన్నది లెక్క. తర్వాత రెండు రోజులు కూడా కొంత పనిచేస్తుంది గాని, గంట గడిచేకొద్దీ బలం తగ్గుతుంది. రాగి లూపును 5 రోజుల్లోపల వేయిస్తే దీనికన్న చాలా గట్టిగా పనిచేస్తుంది. అయితే అది వేయడానికి శిక్షణపొందిన మనిషి వుండాలి, ఆసుపత్రి తలుపు తెరిచి వుండాలి.

మామూలుగా నీతివిషయాల్లో తొందరపడగూడదంటారు. పదిమందినీ అడుగు, ఆలోచించు, రేపు చెప్పు అంటారు. పొలం అమ్మడానికీ, పెళ్లి కుదర్చడానికీ ఇది మంచి సలహాయే. ఈ మాత్ర విషయంలో ఆలోచనకు పట్టే కాలం మాత్ర బలాన్నే తినేస్తుంది. "రేపు రా" అనడం ఇక్కడ వాయిదా కాదు, చాలాసార్లు తిరస్కారమే. అడిగేవాడు తాను ఏ నిర్ణయమూ చేయలేదని అనుకుంటాడు, ఉత్త ప్రశ్న వేశానని అనుకుంటాడు. అతను ప్రశ్నవేసి జవాబుకోసం చూస్తున్నంతసేపూ నిర్ణయం జరిగిపోతూనే వుంటుంది. కాబట్టి "ఎందుకు?" అన్నది నిర్దోషమైన ప్రశ్న కానేకాదు.

ఈ గంటలు అందరికీ ఒకే పొడవు వుండవు. బెంగుళూరులో ఉద్యోగం చేసే అమ్మాయికి 72 గంటలు అంటే మూడు రోజులు. కోసిగి, కౌతాళం వైపు ఆడమనిషికి అవి మూడు రోజులు కావు. పశ్చిమ కర్నూలు పల్లెలు పంటలు అయిపోగానే ఖాళీ అవుతాయి. సుగ్గికి పోవడమంటారు. గుంటూరు వైపు మిరపకాయల కోతకు, తెలంగాణకు పత్తి తీయడానికి ఆలుమగలు, పిల్లలు, ఇంట్లో చట్టీ కుండా అన్నీ లారీ ఎక్కుతాయి. అక్కడ చేలగట్లమీద డేరాలు. పొద్దు పొడవకముందు చేలోకి దిగితే పొద్దు గూకినాకనే పైకి రావడం. మందుల అంగడి నాలుగైదు మైళ్ల దూరంలో వుంటుంది. పోవాలంటే ఒకపూట కూలి పోతుంది, మేస్త్రీకి కారణం చెప్పాలి. రెండు రూపాయల మాత్ర సంచిలో పెట్టుకున్న ఆశా కార్యకర్త ఎక్కడో సొంత వూళ్లో వుంది. ఆమె పుస్తకంలో పేరున్న స్త్రీ ఇక్కడ వుంది. ఇద్దరికీ మధ్య దూరం రెండు మూడు వందల మైళ్లు.

ఇన్ని కష్టాలూ దాటి అంగడి ముందుకు వచ్చి నిలబడిన స్త్రీకి ఏమి జరుగుతుందో నేను ఒకసారి కళ్లారా చూశాను. మా జిల్లాల్లో ఒక మండలకేంద్రం. నేను రక్తపోటు మాత్రల కోసం నిలబడి వున్నాను. నాకు ముందు మోటారుసైకిలుమీద వచ్చిన ఇద్దరు కుర్రవాళ్లు గొంతు తగ్గించి ఏదో అడిగారు. అంగడతను నవ్వి, కాగితంలో చుట్టి ఇచ్చాడు. వాళ్లు నూరు రూపాయలకు పైగా ఇచ్చి పోయారు. తర్వాత ఒకామె వచ్చింది. ఇరవై రెండు, ఇరవై మూడేళ్లుంటాయి, చంకన బిడ్డ. ఖాళీ పెట్టె ఒకటి చూపించి, ఇదే కావాలంది. కుర్రవాళ్లు తీసుకుపోయింది కూడా అదే.

"ఎవురికమ్మా?"

"నాకే, అన్నా."

"మీ ఇంటాయన యాడున్నాడు? ఆయప్పను పంపించు పో."

ఆమె ఇంకేమీ మాట్లాడలేదు. బస్సు వస్తే ఎక్కి పోయింది. ఆమెకెందుకు ఇవ్వలేదని నేనడిగితే, అంగడతను చెప్పిన మాట ఇది: "రేపు ఆమె మొగుడొచ్చి నా అంగడి ముందర రచ్చ చేస్తే ఎవురు సూసుకునేది సార్?"

అతను చెడ్డవాడు కాడు. పైగా నిజం చెప్పాడు. అతను నీతిని గురించి మాట్లాడలేదు, ధర్మశాస్త్రాలు ఎత్తలేదు. ఆమె శరీరం మరొకరి ఆస్తి అనీ, ఆస్తిదారుకు తెలియకుండా దానిమీద ఏ లావాదేవీ చేసినా తనకు చిక్కు వస్తుందనీ అతను భయపడ్డాడు. పొలం విషయంలో పట్టాదారు సంతకం లేకుండా కౌలుదారుతో వ్యవహారం చేయడానికి భయపడినట్టే. నీతి పేరుతో మనం కాపాడుతున్నది ఈ భయాన్నే. కుర్రవాళ్లకు ప్రశ్న లేకపోవడానికి కారణమూ ఇదే. ఒక మగవాడు వచ్చి మాత్ర కొన్నాడంటే ఎవరో ఒక యజమాని సంతకం పడ్డట్టే. ఎవరికోసం కొన్నాడు, ఆమె ఇష్టంతోనే కొన్నాడా, ఆమెకు వయస్సెంత అన్న సంగతి ఎవరికీ పట్టదు. నిజంగా నీతికోసమే ప్రశ్నించేవాళ్లు వుంటే, వాళ్లు ప్రశ్నించవలసింది ముందుగా ఆ కుర్రవాళ్లను.

"ఇది సులభంగా దొరికితే స్త్రీలు చెడిపోతారు" అనే వాదానికి వస్తాను. ఇది ఈ మాత్రతో పుట్టిన వాదం కాదు. బొంబాయిలో 1921లో సంతాన నిరోధ కేంద్రం తెరిచిన ఆర్.డి. కర్వే మీద ఇదే వాదం వచ్చింది. ఆయన పత్రికమీద అశ్లీలమని కేసులు పెట్టారు. 1934లో కోర్టులో ఆయన తరఫున వాదించినవాడు అంబేద్కర్. 1935లో మార్గరెట్ సాంగర్ వార్ధాకు వచ్చి అడిగితే, గాంధీ కృత్రిమ సాధనాలు వద్దు, సంయమనమే దారి అన్నాడు. గాంధీ మాటలో చిత్తశుద్ధి లేదని నేననను. భర్త సంయమనం భార్య చేతిలో వుండదనే చిన్న సంగతిని ఆ సలహా మరచిపోయింది. భర్త బలవంతాన్ని అత్యాచారంగా మన శిక్షాస్మృతి ఈనాటికీ గుర్తించడం లేదు. 2024 జూలై నుంచి అమలైన కొత్త న్యాయసంహితలో కూడా ఆ మినహాయింపు అట్లాగే వుంది. గర్భస్రావ చట్టం మేరకు మాత్రం భర్త చేసిన అత్యాచారాన్ని లెక్కలోకి తీసుకోవాలని సుప్రీంకోర్టు 2022 సెప్టెంబరులో చెప్పింది. అంటే ఆమె కాదనే హక్కును గుర్తించని చట్టం, దాని ఫలితాన్ని తొలగించుకునే హక్కును గుర్తించింది. ఇంత వంకరగానైనా కొంత న్యాయం జరిగిందని సంతోషించాలి కాబోలు.

ఈ మాత్ర అవసరమయ్యే స్త్రీలు ఎవరు? "చెడిపోయినవాళ్లు" అనే మాట వాడేవాళ్లకు మన రాష్ట్రపు లెక్కలు చూపించాలి. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో వివాహిత స్త్రీలలో నూటికి దాదాపు 70 మందికి పిల్లలు పుట్టకుండా ఆపరేషను అయింది. పురుషుల ఆపరేషన్లు నూటికి ఒకటికూడా లేవు. మాత్రలు, లూపు, కండోములు అన్నీ కలిపినా నూటికి ఇద్దరికి మించరు. ఇరవై నుంచి ఇరవై నాలుగేళ్ల వయస్సు యువతుల్లో నూటికి 29 మందికి 18 ఏళ్లు నిండకముందే పెళ్లయింది. ఈ అంకెల అర్థమేమిటి? మన స్త్రీకి పెళ్లినాటినుంచి ఆపరేషను నాటిదాకా ఏ సాధనమూ లేదు. చిన్నతనంలోనే పెళ్లి, వెంటనే కాన్పు, మళ్లీ కాన్పు, పాతికేళ్లు నిండకముందే ఆపరేషను. ఆ నాలుగైదేళ్ల నడుమ ఆమెకు "ఇప్పుడు వద్దు" అనే మాటకు చోటే లేదు. చంకన బిడ్డతో అంగడికి వచ్చిన ఆ స్త్రీ ఆ నాలుగైదేళ్లలోంచి వచ్చిందని నేను ఊహిస్తున్నాను.

అయినా ఈ వాదాన్ని ఇక్కడే ఆపడం నాకిష్టం లేదు. "చూడండి, వీళ్లు పతివ్రతలే, కాబట్టి ఇవ్వండి" అంటే, పతివ్రత కాని స్త్రీకి ఇవ్వనక్కరలేదని ఒప్పుకున్నట్టవుతుంది. సంస్కరణవాదుల్లో చాలామంది ఈ గుంతలో పడ్డారు. అర్హులైన స్త్రీలను చూపించి సానుభూతి సంపాదించాలనుకుంటారు. అట్లా సంపాదించిన సానుభూతి అర్హతను పరీక్షించే అధికారాన్ని పరీక్షకుడి చేతిలోనే వుంచుతుంది. అతని పరీక్షను కొంచెం దయగా చేయమని వేడుకుంటుందంతే.

అత్యాచారానికి గురైన స్త్రీ సంగతి చూడండి. 2013 చట్ట సవరణ ప్రకారం ప్రభుత్వ ఆసుపత్రి గాని, ప్రైవేటు ఆసుపత్రి గాని ఆమెకు తక్షణం ఉచితంగా చికిత్స చేయాలి, చేయకపోతే నేరం. కేంద్ర ఆరోగ్యశాఖ 2014లో ఇచ్చిన నియమావళి ఆ చికిత్సలో అత్యవసర గర్భనిరోధక మాత్రను చేర్చింది. చాలా మంచిది. అయితే ఆ మాత్ర పొందాలంటే ఆమె మొదట తాను బాధితురాలినని ఎవరికో ఒకరికి చెప్పుకోవాలి. మన పల్లెల్లో, ఎవరు ఎవరి ముఠావాళ్లో అందరికీ తెలిసినచోట, పరువు పేరుతో తలలు పగిలేచోట, ఆ మాట నోటినుంచి రావడానికి మూడు రోజులు చాలుతాయా? చెప్పలేకపోయిన స్త్రీకి ఆ అంగడే గతి. అక్కడ ఎవరూ ఆమెను ఏమీ అడగకపోతేనే ఆమెకు రక్షణ. కాబట్టి నిస్సందేహంగా "అర్హురాలైన" స్త్రీని రక్షించాలన్నా, అర్హత అడగకుండా ఇవ్వడమొక్కటే మార్గం.

1881లో సూరతులో విజయలక్ష్మి అనే బ్రాహ్మణ వితంతువుకు, తనకు పుట్టిన శిశువును చంపిందని కింది కోర్టు ఉరిశిక్ష వేసింది. తర్వాత దాన్ని ద్వీపాంతరంగా మార్చారు. పత్రికలన్నీ స్త్రీజాతి నీతిని గురించి ఉపన్యాసాలు దంచాయి. ఆ ఉపన్యాసాలకు మండిపడి తారాబాయి శిందే మరాఠీలో "స్త్రీ పురుష తులన" రాసింది, 1882లో అచ్చయింది. అదే 1881 డిసెంబరులో రాజమహేంద్రవరంలో వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించాడు. ఆయన సాహసాన్ని తక్కువచేసే స్థోమత నాకు లేదు. అయినా ఒక సంగతి గమనించాలి. మన సంస్కరణోద్యమం వితంతువు గర్భానికి కనిపెట్టిన పరిష్కారం ఆమెకు మరో భర్తను చూపించడం. అంటే గర్భానికి ఒక సమ్మతమైన కారణం సమకూర్చడం. కారణం అడగకుండా వుండడం అనే ఆలోచన ఆనాడు ఎవరికీ రాలేదు. పుణేలో ఫూలే దంపతులు 1863లో తెరిచిన ప్రసూతిగృహం ఒక్కటే దానికి దగ్గరగా వచ్చింది. అక్కడ వితంతువు రహస్యంగా వచ్చి బిడ్డను కని పోవచ్చు.

మావైపు దీనికి తలకిందులైన ఆచారం ఒకటి వుండేది. ఆదోని ప్రాంతంలో ఆడపిల్లను బసివిగా విడవడం. దేవుడి పేరుచెప్పి వూరి మగవాళ్లకు అప్పగించిన ఆ పిల్లను, ఆమెకు పుట్టిన బిడ్డలను గురించి ఎవరూ కారణాలు అడగలేదు. 1988లో రాష్ట్రం నిషేధ చట్టం చేసింది. పెద్దల అవసరం తీరేచోట ప్రశ్నలు వుండవు.

ఇంతవరకు నేను సనాతనులతో వాదించాను. అది సులువైన పని. మన మిత్రుల్లోనే, అభ్యుదయవాదుల్లోనే, ఈ మాత్రను అనుమానంగా చూసేవాళ్లున్నారు. వాళ్ల అనుమానానికి బలమైన కారణాలున్నాయి.

మొదటిది ప్రభుత్వం చరిత్ర. పేదరికానికి పేదల సంతానమే కారణమన్న మాల్థస్ సిద్ధాంతాన్ని మనం ఏనాడూ ఒప్పుకోలేదు. 1976లో అదే సిద్ధాంతం పోలీసులను వెంటబెట్టుకుని పల్లెలమీద పడింది. 1985లో హైదరాబాదు దగ్గర పటాన్‌చెరువులో నెట్-ఎన్ అనే గర్భనిరోధక సూదిని పేద స్త్రీలమీద ప్రయోగించబోయారు. అది ప్రయోగమని వాళ్లకు తెలియదు. స్త్రీశక్తి సంఘటన కార్యకర్తలు పోయి విషయం విడమరచి చెప్పేసరికి చాలామంది వెనక్కు తిరిగారు. మరుసటి సంవత్సరం ఆ సంస్థ, మరికొందరు కలిసి సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఇదంతా చూసినవాళ్లకు ప్రభుత్వం చేతిలోని ఏ మాత్రను చూసినా గుండె గుబేలుమనడం సహజం.

కాని పోలికను సరిగా చూడాలి. ఆ సూది వేస్తే రెండు నెలలు తీసేయడానికి వీల్లేదు. ఆపరేషను చేస్తే జీవితాంతం. ఆ రెంటిలోనూ స్త్రీ వచ్చి పడుకోవాలి, మరొకరు చేయాలి, లెక్క రాసుకోవాలి. ఈ మాత్ర ఆమె చేతిలో వుంటుంది. వేసుకోవాలో వద్దో ఆమె ఇష్టం. వేసుకున్న సంగతి ఏ రిజిస్టరులోనూ ఎక్కనక్కర లేదు. ఒక విచిత్రం చూడండి. ఆపరేషనుకు వచ్చిన స్త్రీని "ఎందుకు?" అని ఎవరూ అడగరు. పొగుడుతారు, డబ్బిస్తారు, అత్తగారు పక్కన కూచుని పాలు తాగిస్తుంది. శాశ్వతంగా సంతానశక్తి పోగొట్టే పనికి కారణం అక్కర లేదు. ఒక్క నెలకు గర్భం వద్దనుకునే పనికి కారణం కావాలి. ఎందుకిట్లా? ఆపరేషను నాటికి కుటుంబానికి కావలసిన బిడ్డలు పుట్టివుంటారు, ప్రభుత్వానికి కావలసిన లెక్క తేలుతుంది. ఈ మాత్రలో కుటుంబం నిర్ణయమూ లేదు, ప్రభుత్వం లెక్కా లేదు. ఆమె నిర్ణయం మటుకే వుంది. సంఘానికి భయం సంతాన నిరోధమంటే కాదు, ఆ నిర్ణయం ఎవరిదన్న దాన్ని గురించే.

ఆర్థికవ్యవస్థ మారితే ఇదంతా దానంతట అదే మారుతుందనే మిత్రులకు ఒక చరిత్ర గుర్తుచేస్తాను. గర్భస్రావాన్ని సోవియట్ ప్రభుత్వం 1920లో చట్టబద్ధం చేసింది. 1936లో, భూములూ కర్మాగారాలూ ప్రజలపరమైన తర్వాతనే, మళ్లీ నిషేధించింది. 1955లో గాని నిషేధం తొలగలేదు. ఆస్తి సంబంధాలు మారడం అవసరమని నేనూ అంటాను. స్త్రీ శరీరం మీది ఆస్తిహక్కు ఆ మార్పులో తనంతట తాను కొట్టుకుపోలేదని ఆ పందొమ్మిదేళ్లు చెబుతున్నాయి.

రెండో అనుమానం వ్యాపారాన్ని గురించి. 2007 నుంచి ఐ-పిల్, అన్‌వాంటెడ్-72 వంటి పేర్లతో కంపెనీలు దీన్ని టెలివిజన్లో ఊదరగొట్టాయి. రెండు రూపాయల వస్తువును నూరు రూపాయలకు అమ్ముకున్నాయి. ఇది చూసి మగవాళ్లు కండోము అవసరం లేదనుకున్నారు. నెలలో నాలుగుసార్లు అమ్మాయి మింగితే సరిపోతుందన్నారు. ఈ ఆరోపణ నిజమే. ఇది అనుదినం వాడేది కాదు. వికారం పుడుతుంది, ముట్టు వెనకా ముందూ అవుతుంది, సుఖవ్యాధులనుంచి కాపాడదు, మామూలు సాధనాలంత గట్టిగా పనిచేయదు. వేసుకున్న రెండు గంటల్లో వాంతి అయితే మళ్లీ వేసుకోవాలి. ఈ మాటలు ఆమెకు ఎవరు చెప్పాలి? కంపెనీ చెప్పదు. "మీ ఇంటాయన్ను పంపించు" అనే అంగడతను చెప్పడు. నిరాకరించినవాడు సలహా ఇచ్చే అవకాశాన్ని కూడా పోగొట్టుకుంటాడు. తమిళనాడులో చట్టం నిషేధించకపోయినా ఏళ్లతరబడి మందుల అంగళ్లలో ఈ మాత్ర దాదాపు దొరకకుండా పోయింది. ఐ-పిల్ కంపెనీకి దానివల్ల పెద్ద నష్టం వచ్చివుండదు. కారులో పక్క రాష్ట్రానికి పోగలిగిన వాళ్లకూ రాలేదు.

ఇక మూడో అనుమానం, నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. ఈ మాత్రను స్త్రీలకు ముందుగానే ఇచ్చి దగ్గర పెట్టుకోమంటే ఏమవుతుందని వేరువేరు దేశాల్లో పరిశోధనలు జరిగాయి. ముందుగా ఇచ్చినంతమాత్రాన విచ్చలవిడితనం పెరగలేదని తేలింది, సుఖవ్యాధులూ పెరగలేదు. అయితే మొత్తంమీద గర్భాల సంఖ్య తగ్గినట్టు కూడా తేలలేదు. మరి లెక్కలో తేడా రానిదానికి ఇంత వాదం ఎందుకని ఒక మిత్రుడు నన్నడిగాడు. జనాభా లెక్కలు చూసుకునే అధికారి అడగవలసిన ప్రశ్న అది, మనం అడగవలసినది కాదు. మేము ఈ మాత్రను కోరుతున్నది జననాల సంఖ్య తగ్గించడానికయితే, మేమూ మాల్థస్ వారసులమే. చంకన బిడ్డతో వచ్చిన ఆ స్త్రీకి ఆ రోజు దొరికిందా లేదా అన్నది సగటులో కనపడదు. రాష్ట్రంలో సగటు సంతానం 1.7కి పడిపోయిన ఈ రోజుల్లో, కాన్పులు పెంచమని నాయకులు సభల్లో చెబుతున్న ఈ రోజుల్లో, సంఖ్యలమీద ఆధారపడ్డ హక్కు ఎంత బలహీనమో తెలుస్తూనే వుంది. నిన్న తక్కువ కనమన్నారు కాబట్టి ఇచ్చారు. రేపు ఎక్కువ కనమంటారు కాబట్టి లాక్కుంటారు.

కాబట్టి ముందుగా ఇవ్వడమే మా ప్రాంతానికి తగిన పద్ధతి అని నా అభిప్రాయం. సుగ్గికి లారీ ఎక్కకముందే, పిల్లల మందులతోపాటు ఇది కూడా ఆడవాళ్ల చేతిలో పడాలి. రాయచోటి, రాజంపేటల నుంచి ఇంటిపనికి కువైటు పోతున్న స్త్రీల విషయం ఇంకా గట్టిది. అక్కడ నాలుగు గోడల మధ్య యజమాని దయమీద బతకాలి. పెళ్లి బయటి సంబంధం అక్కడి చట్టంలో నేరం. బలవంతం జరిగినా గర్భం కనపడితే జైలు భయం ఆమెకే. పాస్‌పోర్టు, వీసా, అప్పు, ఏజెంటు అన్నీ నేర్పుతున్నవాళ్లు ఈ ఒక్క సంగతి చెప్పడానికి సిగ్గుపడుతున్నారు.

ఆశా కార్యకర్తలమీద పూర్తిగా ఆధారపడడం కూడా కుదరదు. ఆమె ఆ వూరి కోడలే. ఎవరి ఇంటికి ఏమి ఇచ్చిందో వీధి అంతా చూస్తుంది. ఆమెకు ఒక ముఠా ఇల్లు, ఒక కులం ఇల్లు వున్నాయి. దళితవాడ స్త్రీ పెద్ద కులపు ఆశా ఇంటి గుమ్మం ముందు నిలబడి ఇది అడగగలదా? అవతల ఆశాకు కూడా ప్రాణభయం వుంటుంది. అడగకుండా తీసుకోగలిగే చోటు కావాలి. ఆసుపత్రి వరండాలో కండోముల పెట్టె పెట్టినట్టు దీన్నీ పెట్టవచ్చు. మరో మందుల అంగడి లేని చోట అంగడతని "మనస్సాక్షి" చెల్లదని నియమం చేయవచ్చు. నీళ్ల ట్యాంకరు తోలేవాడు కరువులో ఎవరింటికి పోస్తాడో తన మనస్సాక్షిని బట్టి తేలుస్తానంటే మనం ఒప్పుకుంటామా?

ఒక్క ప్రశ్న మాత్రం ఇచ్చేవాడు అడగవచ్చు. "ఎప్పుడు?" దానికి జవాబును బట్టి మాత్ర చాలునా, లూపుకు పంపాలా అన్నది తేలుతుంది. అది మందుకు సంబంధించిన ప్రశ్న. "ఎవరితో?", "ఎందుకు?", "పెళ్లయిందా?" అనేవి మందుకు సంబంధించినవి కావు.

ఒక సందర్భంలో మాత్రం ఈ సూత్రం నాకే ఇరుకుగా వుంది. వచ్చినది పద్నాలుగేళ్ల పిల్ల అనుకోండి. హాస్టలు నుంచి వచ్చింది. ఆ పిల్లను ఎవరో చెరుస్తున్నారేమో. ఏమీ అడగకుండా మాత్ర ఇచ్చి పంపడం గౌరవమా, వదిలించుకోవడమా? 2012 నాటి పోక్సో చట్టం, తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పితీరాలంటుంది. ఆ చట్టపు భయంతో పదిహేడేళ్ల పిల్ల ఆసుపత్రి మెట్లే ఎక్కదు. గర్భస్రావం కోరే మైనరు పేరు పోలీసు నివేదికలో బయటపెట్టనక్కర లేదని 2022 తీర్పులో సుప్రీంకోర్టు డాక్టర్లకు కొంత వెసులుబాటు ఇచ్చింది; కానీ అది గర్భం వచ్చిన తర్వాతి మాట. ఆ పద్నాలుగేళ్ల పిల్లను అడగాలనే నేనంటాను. ఏకాంతంలో, ఒక ఆడమనిషి, కూచోబెట్టి అడగాలి. అయితే అంతకుముందు గ్లాసుతో నీళ్లిచ్చి, ఆ పిల్ల మాత్ర మింగేదాకా ఆగాలి.